జీవమ్మ పెరట్లో లైటు ఆర్పిన ఏడాది

మా వీధి చివర రెండే ఇళ్ళు. ఒకటి నాది, రెండోది జీవమ్మది. ఆ తర్వాత తుమ్మ కంప, కంప దాటితే శనగ చేలు. నందికొట్కూరు నుంచి ఆటోలో వచ్చేవాళ్ళను డ్రైవరు బొజ్జన్న చర్చి దగ్గరే దింపేస్తాడు. మా ఇళ్ళ దాకా రావాలంటే ఆయన ఆటోకు కూడా బద్ధకమే. నా పేరు నాగలక్ష్మమ్మ, ఈ ఊరి ఆశా కార్యకర్తను. ఊళ్ళో ఎవరికి బీపీ ఎంతుందో, ఎవరికి నెలలు నిండాయో నన్నడిగితే చెప్తాను. పక్కింటి జీవమ్మ మనసులో ఏముందో మాత్రం ఇన్నేళ్ళ ఇరుగులో నాకెప్పుడూ సరిగా అంతు చిక్కలేదు.

జీవమ్మకు యాభై దాటి ఉంటాయి. పొడుగు మనిషి, గట్టి గొంతు. కూలికి పోతే మేస్త్రీతో, రేషనుకు పోతే డీలరుతో, ఎవరూ దొరక్కపోతే మొగుడు ఏసన్నతో ఏదో ఒక పేచీ ఉండాల్సిందే. ఏసన్న ఆమెకు పూర్తిగా భిన్నం. ఆమె పది మాటలంటే ఆయన "సరేలేమే" అని ఒక్క మాటతో తప్పుకుని బీడీ ముట్టించుకునేవాడు. చూసేవాళ్ళకు ఆ కాపురం ఆమె ఒక్కతే చేస్తున్నట్టుండేది.

అంత నోరూ పెరట్లోకి పోతే మూతపడేది. ఇంటి పక్కన కంప నాటి దడి కట్టిన చిన్న జాగా, దాన్నిండా తెల్ల చామంతి. ఆ పిలకలు ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి. పూలు అయిపోగానే మొక్కను నేలకు కోసేసి మోడును ఎండాకాలమంతా బతికించుకునేది. ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే రోజుల్లో కూడా గిన్నెలు కడిగిన నీళ్ళు దానికే. తొలకరికి మోడు చుట్టూ పిలకలు లేస్తే వేర్లు తెగకుండా విడదీసి నాటేది. జానెడు పెరగగానే తలలు తుంచేది. "తుంచకుంటే ఒక్కటే పొడుగు పోతాది, తుంచితే కొమ్మలేస్తాది," అనేది. పేను పడితే పొయ్యిలో బూడిద చల్లేది. వేరుశనగ చెక్క నానబెట్టి, ఆ పులిసిన నీళ్ళు మొదళ్ళకు పోసేది. ఆ కంపు మా వంటింట్లోకి వచ్చేది. నేను గోడ మీంచి తిట్టేదాన్ని. ఆమె వినపడనట్టు ఉండేది.

కంపు సంగతి సరే, నాకు అసలు కోపం పొట్టు మీద. తడి ఆరిపోకుండా మొక్కల కింద వేరుశనగ పొట్టు మందంగా పరిచేది. పొట్టులో మిగిలిపోయిన గింజల కోసం ఎలుకలు వస్తాయి. ఎలుకల కోసం ఏవి వస్తాయో మా సీమలో చిన్న పిల్లలకు కూడా చెప్పక్కర్లేదు.

ఆ పూలన్నీ సమాధుల పండుగకే. నవంబరు రెండో తేదీ పొద్దున చర్చి వాళ్ళంతా సమాధుల తోటకు పోతారు. ముందురోజే గడ్డి పీకి, సమాధులకు సున్నం కొట్టి ఉంచుతారు. పొద్దున ప్రార్థన, పాట, కొవ్వొత్తులు, పూలు. ఆ చర్చి వాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. సమాధి మీద సొంత పెరట్లో పూసిన పూలే పెట్టాలి. కొన్న పూలు తెస్తే ఎవరూ పోట్లాడరు, వెళ్ళగొట్టరు. కాకపోతే "వీళ్ళకు చచ్చినోళ్ళు నిన్న సంతలో గుర్తొచ్చినట్టుంది" అని ఏడాది పొడుగునా అంటారు. జీవమ్మ అట్లా అనేవాళ్ళలో మొదటిది.

మూడేళ్ళ క్రితం దాకా ఆ పూలు అత్తమామల సమాధులకు పోయేవి. తర్వాత ఒక్కగానొక్క కొడుకు యేసుప్రసాద్‌కు పోయాయి.

వాడు ట్రాక్టరు తోలేవాడు. నా చేతుల మీద పోలియో చుక్కలు వేయించుకున్న పిల్లవాడు. ఆ ఏడు శ్రావణంలో ఒక చీకటి పూట పని నుంచి వచ్చి, పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ "ఏదో గుచ్చుకునిందిమా" అన్నాడు. వాపు లేదు, మంట లేదు. దడి పక్కనే కదా, కంప ముల్లు అనుకున్నారు. జీవమ్మ సున్నం రాసి పడుకోమంది. తెల్లవారేసరికి కడుపు నొప్పి అన్నాడు, గ్యాస్ అని సోడా తాగించారు. తర్వాత వాడి రెప్పలు వాలిపోవడం మొదలైంది. నిద్ర చాల్లేదనుకున్నారు. నన్ను పిలిచేటప్పటికి మాట ముద్ద కడుతోంది. కర్నూలు చేరకముందే దారిలో ఊపిరి ఆగింది. కట్లపాము అన్నారు డాక్టర్లు. అది కరిస్తే చాలామందికి నొప్పే తెలియదు. అక్కడ చీకటి లేకపోతే వాడు దాన్ని చూసేవాడు, చూస్తే వాడు బతికేవాడు. ఇది నా మాట కాదు, ఏసన్న మాట.

కొడుకును పూడ్చిపెట్టిన తర్వాత ఆ నోరు లేని మనిషికి నోరొచ్చింది. "మా ఈదికి లైటు కావాల" అని పంచాయతీకి, సచివాలయానికి, కరెంటోళ్ళ దగ్గరికి తిరిగాడు. రెండు ఇళ్ళకు స్తంభమేంటప్పా అని నవ్వినవాళ్ళున్నారు. ఆయన తల వంచుకుని విని, మళ్ళీ వారం అదే కుర్చీ ముందు నిలబడేవాడు. చివరికి ఈ ఏడాది మే నెలలో జీవమ్మ దడికి ఆనుకునే స్తంభం నాటారు. తెల్లగా వెలిగే ఎల్ఈడీ లైటు, చేతికందే ఎత్తులో స్విచ్చు. వెలిగిన మొదటి రోజు ఏసన్న దాని కింద నిలబడి నేల వంక చూసుకుంటూనే ఉన్నాడు. చీమ పాకినా కనపడుతోంది.

"ఇంగ ఏదొచ్చినా కనపడతాదమ్మా," అన్నాడు నాతో.

నాకూ సంతోషమే. టార్చి నోట కరుచుకుని తాళం తీసే బాధ తప్పింది. జీవమ్మ మాత్రం ఆ వెలుతురులో చేటెడు బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

జూన్‌లో పిలకలు నాటింది. ఎప్పుడూ లేనంత ఏపుగా పెరిగాయి. నడుమెత్తు మొక్కలు, నల్లటి పచ్చదనం. కూలికి పోయే ఆడవాళ్ళు దడి దగ్గర ఆగి "ఈ ఏడు బండ్లకెత్తాల్సిందే" అని మెచ్చుకునేవాళ్ళు. జీవమ్మకు మాత్రం ఆ ఏపు నచ్చలేదు. వినాయక చవితి దాటింది. మిగతా ఇళ్ళల్లో చామంతులు కొసలకు మొగ్గలు పెట్టుకున్నాయి. ఈమె పెరట్లో ఆకు, ఆకు, ఆకు. పొద్దున్నే వంగి ఒక్కో కొమ్మ కొస వేలితో తడిమి చూసుకునేది. ఆమె మొహం చూస్తే నాకు కడుపుతో ఉండి బిడ్డ కదలడం లేదని నా దగ్గరికొచ్చే ఆడవాళ్ళు గుర్తొచ్చేవాళ్ళు.

ఒకరోజు గోడ దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగింది. "నాగలచ్చుమ్మా, వాడు నా మీద కోపంగా ఉండాడంటావా?"

"ఎవరు వదినా?"

"మా ప్రసాదు. సున్నం రాసి పండుకోబెట్టింది నేనే కదా. నా చేతి పూలు వానికి అక్కర్లేదేమో."

"చచ్చినోళ్ళకు కోపాలేంది వదినా, బతికినోళ్ళవే ఓర్చుకోలేకుండాం," అని కసిరాను. నెమ్మదిగా మాట్లాడే జీవమ్మను నేను అదివరకు చూడలేదు. పాస్టరు వచ్చి పెరట్లో నిలబడి ప్రార్థన చేసిపోయాడు. అయినా మొగ్గ రాలేదు. విచిత్రమేమంటే, స్నానాల గది గోడ వెనక నీడలో పడ్డ నాలుగు మొక్కలు మాత్రం, బక్కగా ఉన్నా, మొగ్గలు పెట్టాయి. అది ఇంకా పెద్ద అపశకునమనుకుంది ఆమె.

ఆ ముడి విప్పింది శివజ్యోతి. రైతు సేవా కేంద్రంలో ఉద్యోగం చేసే పిల్ల. చేల లెక్క రాసుకోవడానికి వచ్చి, మంచినీళ్ళు తాగుతూ పెరడు చూసింది. నాలుగు మొక్కల మొగ్గలు చూసింది. తల ఎత్తి స్తంభం చూసింది.

"ఆంటీ, ఈ లైటు రాత్రంతా ఎలుగుతాదా?"

"తెల్లారే దాకా ఎలుగుతాది. ఏంటికి?"

"అదే మీ రోగం. చామంతికి చీకటి కావాల. రాత్రి పొడుగైతేనే మొగ్గ పెడతాది. మీ పెరట్లో రాత్రే లేదు, ఇంగ మొగ్గ యాడ పెడతాది?"

"ఆర్పేస్తే?"

"ఆర్పేస్తే పెడతాది. ఈ పొద్దు నుంచి ఎలుగు పడకుండా చూసుకుంటే పండక్కు అందుతాయేమో. గట్టిగా చెప్పలేను."

ఆ పిల్ల స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది. తాను ఎవరి ఇంట్లో ఏ మాట అన్నదో ఆమెకు తెలియదు. చెప్పింది అక్షరాలా నిజమే, ఆమెను నేనేమీ అనను.

సాయంత్రం ఏసన్న వచ్చేసరికి జీవమ్మ స్తంభం దగ్గర నిలబడి ఉంది. గోడకు ఇవతల నేను ముంతలో చింతపండు పిసుకుతున్నాను. వినకూడదనుకున్నా వినపడే దూరం.

"ఆ లైటు ఆర్పేదానికి కాదు నేను తిరిగింది," అన్నాడు ఏసన్న.

"మరి వానికి పూలు యాడ నుంచి తెస్తావు? సంతలోనా?"

"తెస్తే ఏమవుతాది మే? పోయిన పండక్కు దేవేంద్రప్పోళ్ళు తేలేదా?"

"దేవేంద్రప్ప పోగొట్టుకునింది ముసలి మేనత్తను. నేను పోగొట్టుకునింది కొడుకును. కొన్న పూలు పట్టుకొని నేను ఆ తోటలో కాలు పెట్టను. నువ్వే పో."

ఇక నేను ఊరుకోలేక గోడ మీంచి తల పెట్టాను. లైటు ఆర్పడమెందుకు, మొక్కల మీదే పట్టా కప్పుకోండి అన్నాను. ఆ పూటకు అది సరిపోయింది. ఏసన్న టార్పాలిన్ తెచ్చి గుంజలు పాతి కప్పాడు. రెండో నాటికి శనగ చేల మీంచి గాలి లేచి పట్టా విసురుకు ఒక వరస కొమ్మలు విరిగిపోయాయి. విరిగిన కొమ్మలు ఒళ్ళో వేసుకుని జీవమ్మ ఏడ్చింది. కొడుకు పోయినప్పుడు అరిచి ఏడ్చిన మనిషి, ఆ రోజు శబ్దం లేకుండా ఏడ్చింది. ఏసన్న కాసేపు అది చూశాడు. పట్టా మడిచి పక్కన పెట్టాడు. పొద్దు గుంకుతుండగా పోయి, తాను మూడేళ్ళు తిరిగి తెచ్చుకున్న లైటును తన చేత్తోనే ఆర్పేశాడు.

ఆ చీకటి ఎట్లాంటిదో చెప్పాలి. వెలుతురుకు అలవాటు పడ్డ కళ్ళకు మా వీధి చివర పాత చీకటి కంటే ఎక్కువ చీకటిగా ఉండేది. ఏసన్న దడి పక్కన మంచం వేసుకుని కర్ర, టార్చి పెట్టుకుని కూర్చునేవాడు. అప్పుడప్పుడూ కర్రతో నేల మీద కొట్టేవాడు. టార్చి వేసినా నేలకే వేయాలి, ఆకుల మీద పడకూడదని జీవమ్మ ఆర్డరు. పొరపాటున ఒకసారి పడితే "నా మొగ్గలు!" అని ఇంట్లోంచి ఒక్క అరుపు అరిచింది. పాముల భయం ఎవరికుండాలో వాళ్ళకు లేదు, మా ఇంట్లో నాకు నిద్ర పట్టేది కాదు. మున్సిపాలిటీలో పనిచేసే మా తమ్ముడి దగ్గర పాత గమ్ బూట్లు తెచ్చి ఏసన్నకిచ్చాను. వేసుకున్నాడు. జీవమ్మ చూసి "మా మొగుడు పోలీసాయనే" అని నవ్వింది. ఆ రెండు నెలల్లో ఆమె నవ్వింది అదొక్కసారే.

దసరా నాటికి మొగ్గలు కనపడ్డాయి. మిరియపు గింజంతవి, కొమ్మకొమ్మకూ. జీవమ్మ నన్ను చేయి పట్టుకుని లాక్కుపోయి చూపించింది. నేను మొగ్గలు చూడలేదు. మొక్కల కింద పొట్టులో ఎలుకలు చేసిన బొక్కలు చూశాను. పొట్టు తీసేయమన్నాను. వేర్లు ఎండుతాయంది. బొక్కల్లో కిరసనాయిలు పోస్తానన్నాను. వాసనకు మొగ్గ మాడుతుందంది. అప్పటికే ఆ మొక్కలు ఆమెకు మొక్కలు కావు. ఎవరి మాటా ఎక్కదు.

ఆ వారంలోనే వానలు పడ్డాయి. ఒక సాయంత్రం దీపాలు పెట్టే వేళ పెరట్లో కప్ప అరిచింది. మామూలు బెకబెక కాదు. పాము నోట చిక్కిన కప్ప అరుపు వేరు. సన్నగా, సాగదీసి, మనిషి పిల్ల అరిచినట్టు ఉంటుంది. అరిచి అరిచి మధ్యలో ఆగిపోయింది. ఏసన్న కర్ర చప్పుడు కూడా ఆగిపోయింది. నేను అన్నం ముందు కూర్చున్నదాన్ని చేయి కడుక్కున్నాను.

మర్నాడు పొద్దున చెత్త వేయడానికి పోతే జీవమ్మ పొయ్యిలో ఏదో కాలుస్తోంది. నన్ను చూసి పుల్లతో లోపలికి తోసింది. కమురు వాసన, ఉల్లిపొరలాంటిది ముడుచుకుంటోంది. కుబుసం.

"యాడ దొరికింది వదినా?"

"చెట్ల కింద." నా మొహం చూసి గబుక్కున చేయి పట్టుకుంది. "ఆయనకు చెప్పొద్దు. చెప్తే లైటేస్తాడు. ఇంగ ఎన్నాళ్ళుండాది, మొగ్గలు పగులుతాండాయి."

చెప్పకుండా దాచుకునే రకం కాదు నేను. అదే సాయంత్రం ఏసన్నకు చెప్పాను. ఆయన బూట్లు తొడుక్కుంటూ తలెత్తలేదు.

"తెలుసమ్మా. నేను రెండు తూర్లు చూసినా దాన్ని. కట్లదే. టార్చి వేసేలోపల పొట్టులోకి దూరిపాయె."

"మరి లైటెయ్యన్నా!"

"ఆమెకు చెప్పొద్దమ్మా. తెలిస్తే భయపడి పూల దగ్గరికి పోదు. ఈ పూలు లేకుంటే ఆమె ఏమైపోతాదో నాకు తెల్దు."

ఇద్దరికీ తెలుసు. ఒకరికి తెలియకుండా ఒకరు దాస్తున్నారు. మధ్యలో నేనొక పిచ్చిదాన్ని. ఆ రాత్రికి పంతం పట్టి నేనే పోయి లైటు వేశాను. చామంతుల మీద తెల్లటి వెలుగు పడిందో లేదో జీవమ్మ పరుగెత్తుకొచ్చింది. నన్ను తిట్టలేదు. స్తంభానికి అడ్డం నిలబడి "నీకు బిడ్డలు బతికుండారు నాగలచ్చుమ్మా" అంది. ఏసన్న వచ్చి లైటు ఆర్పాడు. ఆ మాట తర్వాత నేనింక స్విచ్చు జోలికి పోలేదు.

పూలు విచ్చుకున్నాయి. నిజం చెప్పాలంటే అంత అందమైన పూలు ఆ పెరట్లో ఎప్పుడూ పూయలేదు. వానాకాలమంతా ఆకుగా పెరిగిన మొక్కలు కదా, ఒక్కో కొమ్మకు గుత్తులు గుత్తులు. చీకట్లో కూడా తెల్లగా తెలిసేవి. చూస్తే సంతోషం కలగాల్సింది, నేను మాత్రం పూల కంటే ముందు కింద పొట్టు వంక చూసేదాన్ని.

పండుగ నాడు తెల్లవారకముందే లేచారు. ఆ పూలు కోయడానికి జీవమ్మకు ఒక పద్ధతి ఉంది, వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నది. తలస్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, చెప్పులు లేకుండా కోయాలి. అది మా ఆచారమో వాళ్ళ ఆచారమో నాకు తెలియదు, అడిగితే "పూలకు కులమేంది, మతమేంది" అంటుంది. నేను పొయ్యి ముట్టించుకోవడానికి బయటికి వచ్చాను. చూస్తే ఏసన్న తెల్ల పంచె కట్టుకుని, వట్టి కాళ్ళతో మొక్కల మధ్య ఉన్నాడు. బూట్లు గుమ్మం పక్కన ఉన్నాయి.

"లైటేసుకోండి వదినా, పూలు విచ్చుకునె కదా, ఇంగ ఏమవుతాది?" అన్నాను.

"ఇంకా సగం మొగ్గలుండాయి. క్రిస్మస్‌కు కావాల," అంది జీవమ్మ.

విచ్చుకోవడం మొదలైన మొగ్గకు వెలుగుతో భయం లేదట. తర్వాత శివజ్యోతిని అడిగితే చెప్పింది. ఆ పొద్దున అడిగేవాళ్ళు లేరు. ఆమె దడి వైపు కోస్తోంది, ఆయన లోపలి వరసలో కోస్తున్నాడు. కాసేపటికి ఆయన గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది. ఉఫ్ అని ఊదుకున్నట్టు, అంతే.

"ఏమాయె?" అంది జీవమ్మ.

ఆయన వెంటనే చెప్పలేదు. "ముల్లు," అన్నాడు. "కంప ముల్లు."

నేను ఫోను లైటు వేసుకుని గోడ దగ్గరికి పోయాను. "యాది అన్నా, కాలు చూపించు."

ఆయన కాలు వెనక్కి లాక్కుని పంచె దించుకున్నాడు. "పండగ పూట ఆడబిడ్డకు కాళ్ళు చూపిస్తారామ్మా? ముల్లేలే," అని నవ్వాడు. నవ్వు మామూలుగానే ఉంది. కంప దగ్గర ముల్లు గుచ్చుకోని రోజంటూ మా ఇళ్ళల్లో ఎవరికీ ఉండదు. జీవమ్మ నాలుగు తట్టలు నిండాయని మురిసిపోతోంది.

నేనూ వాళ్ళతో పోయాను. యేసుప్రసాద్ నా ఇంట్లో తిని పెరిగినవాడు, ఏటా పోతాను. సమాధుల తోట నిండా మనుషులు, సున్నం వాసన, కొవ్వొత్తులు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. జీవమ్మ తట్టలు దింపగానే నలుగురూ మూగారు. "ఎంత పూసినాయి జీవమ్మా!" అన్నారు. ఆమె ఎవరికీ జవాబు చెప్పకుండా సమాధి తల వైపు మోకాళ్ళ మీద కూర్చుని, పూవు పక్కన పూవు పేర్చడం మొదలుపెట్టింది. పాస్టరు వాక్యం చదువుతున్నాడు. ఏసన్న సిలువను ఆనుకుని నిలబడ్డాడు. ఒక చేయి కడుపు మీద పెట్టుకున్నాడు.

పాట అందుకున్నారు. ఏసన్న పెదవులు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. పక్కనున్న ఒకామె "కొడుకు గుర్తొచ్చినాడు పాపం" అని కళ్ళు తుడుచుకుంది. ఆయన తల పైకెత్తి, గడ్డం ముందుకు పెట్టి, కింది నుంచి చూస్తున్నట్టు చూస్తున్నాడు. ఎండ కళ్ళల్లో పడుతోందనుకున్నాను.

జీవమ్మ రెండో తట్ట అయిపోయి, మూడోది అందివ్వమని మొగుడి వైపు చేయి చాచింది. చాచిన చేయి అట్లాగే ఉండిపోయింది.

"నాగలచ్చుమ్మా," అంది. పాటలో ఎవరికీ వినపడనంత చిన్నగా. "ఆయన కండ్లు చూడు."

రెప్పలు సగం వాలిపోయి ఉన్నాయి. ఎత్తాలని నొసలు ముడుస్తున్నాడు, లేవడం లేదు.

జీవమ్మ లేచింది. సమాధి చుట్టూ తిరిగి పోవాలని కూడా ఆమెకు తోచలేదు. ఆ పూల మీదే అడుగేసి, తొక్కుకుంటూ, కొడుకు సమాధి దాటుకుని పోయి మొగుడిని రెండు చేతులా పట్టుకుంది. ఆయన ఆమె మీద వాలిపోయాడు. పాట ఆగింది.

108కు చేశాను, అది ఆత్మకూరు వైపు ఉందన్నారు. బొజ్జన్న ఆ రోజు బద్ధకించలేదు. సమాధుల మధ్య దాకా ఆటో తెచ్చాడు. ఏసన్నను పక్కకు ఒత్తిగిల్లించి, తల నా ఒళ్ళో పెట్టుకుని, నోట్లో నురగ గుడ్డతో తుడుస్తూ ఉన్నాను. కాలి మడమ పైన రెండు చుక్కలు, సూదితో పొడిచినట్టు. అంత చిన్నవి. జీవమ్మ ఆ కాలు పట్టుకుని కింద కూర్చుంది. ఆయన రెప్పలు పూర్తిగా మూసుకున్నాయి. చేయి ఎత్తితే పడిపోతోంది. ఊపిరి మాత్రం ఉంది, పైపైన.

"పోయినాడా?" అంది.

"లేదు. బతికే ఉండాడు. ఈ పాము కరిస్తే ఒళ్ళు కదలదు, కన్ను తెరవలేరు గానీ లోపల తెలివి ఉంటాది. అన్నీ వినపడతాంటాయి. మాట్లాడు వదినా, నిద్ర పోనీయొద్దు."

ఏసు ప్రభువా అని ప్రార్థన మొదలుపెడుతుందనుకున్నాను. పెట్టలేదు. పాత జీవమ్మ గొంతు ఆటో అంతా మోగింది.

"ముల్లని ఏంటికి చెప్తివప్పా? నీకు తెలుసు. నువ్వు దాన్ని చూసింటావు. పూలు ఆగిపోతాయనే కదా చెప్పకపోతివి? వాడు చచ్చిపోయినాడబ్బా! మూడేండ్ల కిందటే చచ్చిపోయినాడు. నువ్వు బతికుండావు. ఆ తేడా నాకు తెల్దనుకుంటివా? నేనంత పిచ్చిదాన్ననుకుంటివా?"

బొజ్జన్న అద్దంలోంచి చూసి మళ్ళీ రోడ్డు మీద కళ్ళు పెట్టాడు. ఆమె అదే మాట మళ్ళీ మళ్ళీ అంటూ ఆ కాలిని రెండు చేతులా పిసుకుతోంది. కరిచిన కాలు కదపకూడదని తెలిసి కూడా ఆమె చేతులు విడిపించడానికి నాకు బలం చాల్లేదు. ఏసన్న మొహంలో ఏమీ కదల్లేదు. మూసిన రెప్పల కింది నుంచి నీళ్ళు కారాయి. విషం వల్ల కూడా అట్లా కారతాయి, అందుకని నేను దానికి అర్థం వెతకలేదు.

నందికొట్కూరులో విషం విరుగుడు మందు ఎక్కించి, గొంతులోకి గొట్టం వేసి కర్నూలుకు పంపారు. అక్కడ మిషను మీద పెట్టారు. చాలా రోజులు ఆయన ఊపిరి మిషనుదే. జీవమ్మ ఆ వార్డు బయట చాప మీద ఉండిపోయింది. ఇంటికి రాలేదు. పెరట్లో మిగిలిన మొగ్గలు విచ్చుకుని, వాడి, ఎండిపోయాయి. కోసేవాళ్ళు లేరు. స్తంభం లైటు మాత్రం నేను రోజూ వేస్తున్నాను.

క్రిస్మస్‌కు ముందు ఏసన్నను తీసుకొచ్చారు. సగమైపోయాడు. గొంతు ముక్కులోంచి వస్తోంది, నాలుగు మాటలకు ఒకసారి ఆగాలి. నేను బీపీ చూడటానికి పోయాను. జీవమ్మ లోపల జావ కాస్తోంది. గరిటె చప్పుడు వినపడుతోంది. చేతికి పట్టీ చుడుతూ, ఎన్నాళ్ళ నుంచో అడగాలనుకున్నది అడిగేశాను.

"అన్నా, ఆ పొద్దు ఆటోలో వదిన అనింది వినపడిందా నీకు?"

తల ఊపాడు. "అన్నీ వినపడె."

"మరి ముల్లని ఏంటికి చెప్తివి? నువ్వు బతికుండావని, వాడు పోయినాడని, ఆ తేడా ఆమెకు తెల్దనుకుంటివా?"

ఆయన వంటింటి వైపు చూశాడు.

"తెల్దనే అనుకుంటినమ్మా," అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "ఆటోలోనే తెలిసింది."